రాతి నోట జారే నీరు

గోడ వెంట కారే నీరు సున్నాన్ని తినేస్తుంది, పునాదిని నానబెడుతుంది. దాన్ని దూరంగా చిమ్మడానికే పారిస్ నోత్రదామ్ వంటి చర్చిలపై 13వ శతాబ్దంలో వికృత జంతువుల రాతి నోళ్లు అమర్చారు.

తెలుగునాట దీనికి దగ్గరిది గుడి ప్రణాళం. అభిషేక జలం గర్భగుడి ఉత్తరపు గోడలోని రాతి కాలువ గుండా బయటికొస్తుంది. దాని కొసను మకరం నోరుగానో, ఆవు ముఖంగానో మలుస్తారు. కొస ముందుకు పొడుచుకు రావడంలోనే నేర్పంతా ఉంది. నీరు గోడను తాకకుండా కింది తొట్టిలో పడుతుంది. శివాలయంలో ప్రదక్షిణ చేసే భక్తులు ప్రణాళాన్ని దాటకుండా వెనుదిరుగుతారు.

వాననీటికి విజయనగర శిల్పులు చూరును నమ్ముకున్నారు. జమ్మలమడుగు దగ్గర గండికోటలో, 16వ శతాబ్దపు మాధవరాయ ఆలయ మండపానికి ముందుకు వంగిన రాతి చూరు ఆ పనే చేస్తుంది.