పుస్తక ప్రదర్శనలో గ్రంథపాలకునికి, ఉపాధ్యాయునికి ఏమి పని?

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా సిద్ధపరచిన ప్రసంగ పాఠం)



ఏటా నవంబరు 14 నుండి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. ఆ సందడి సద్దుమణిగిన కొద్ది వారాలకు చెన్నపట్టణంలో మరొక పుస్తకాల పండుగ ఆరంభమవుతుంది. 1977లో మొదలై, సాధారణంగా సంక్రాంతి దినాలను కలుపుకొని సాగే చెన్నై పుస్తక ప్రదర్శన అది. దక్షిణ భారత పుస్తక విక్రేతల, ప్రచురణకర్తల సంఘమైన ‘బపాసి’ దీనిని నిర్వహిస్తున్నది. ఇటీవలి సంవత్సరాలలో నందనంలోని వై.ఎం.సి.ఎ. మైదానంలో వందల సంఖ్యలో స్టాళ్ళు వెలుస్తున్నాయి. పిల్లలను భుజాన ఎత్తుకొన్న తండ్రులు, కళాశాల విద్యార్థులు, సంచులు నింపుకొనే పింఛనుదారులు అందరూ వస్తారు. బజ్జీల అంగడి ముందు కనబడే వరుస కొన్ని పుస్తకాల స్టాళ్ళ ముందు కనబడదన్నది వేరే మాట.

ఇందరిలో గ్రంథపాలకులు, ఉపాధ్యాయులు లేకపోలేదు. అయితే వారిలో పెక్కుమంది సెలవు రోజున, సొంత ఖర్చుతో, సొంత ఇంటికి కావలసిన పుస్తకాల కోసం వచ్చేవారే. తమ గ్రంథాలయం తరఫున, తమ తరగతి తరఫున, ఉద్యోగ ధర్మంగా వచ్చేవారు తక్కువ. కొనుగోలు అధికారం పైవారి చేతిలో ఉన్నప్పుడు తాము వెళ్ళి చేసేదేమున్నదని వారు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ అక్కడ కొనవలసింది ఏమీ లేకపోయినా చూడవలసింది చాలా ఉన్నది. తెలుగు రాష్ట్రాల వెలుపల ఉన్న నగరాలలో తెలుగు పుస్తకాన్ని చేతికి తీసుకొని చూడగల చోట్లు ఇప్పుడు బహు కొద్ది.

ఒకప్పుడు ఈ నగరంలో ఆ కొరత లేదు. వావిళ్ళ వారి ముద్రణాలయం 1854లో ఇక్కడనే వెలిసింది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1908లో బొంబాయిలో వారపత్రికగా ఆరంభించిన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసులో దినపత్రిక అయినది. ఆంధ్ర గ్రంథమాల ప్రచురణలు ఇక్కడి నుండి వెలువడ్డాయి. 1947 జూలైలో చందమామ తొలి సంచిక ఇక్కడనే వచ్చింది. ఆ కాలపు గ్రంథపాలకుడు ట్రామెక్కి వెళ్ళి, అంగడిలో పుస్తకం తిరగవేసి, నచ్చిన దాని వివరం వ్రాసుకొని సాయంత్రానికి తిరిగి రాగలిగేవాడు. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత తెలుగు ప్రచురణ క్రమక్రమంగా విజయవాడకు, హైదరాబాదుకు చేరుకొన్నది. పాఠకులు మాత్రం ఇక్కడనే ఉండిపోయారు. అచ్చు ఒక ఊర, చదువరి మరొక ఊర అయిన నాటి నుండి ఆ రెంటి మధ్య వారధిగా మిగిలినది జాబితా.

జాబితాలో గ్రంథనామం, రచయిత పేరు, వెల ఉంటాయి. ‘కథలు’ అని ఉంటే అవి ఏ వయసు వారి కథలో తెలియదు. పాత నవలకు కొత్త ముఖచిత్రం వేసినా కొత్త నవలగానే కనబడుతుంది. ఒకే కావ్యాన్ని ముగ్గురు ప్రచురిస్తే, ఏ ప్రతిలో టీకా తాత్పర్యాలు ఉన్నాయో, ఏది మూలం మాత్రమే అచ్చువేసినదో వెలను బట్టి ఊహించవలసిందే. అంతకంటె పెద్ద లోటు మరొకటి ఉన్నది. తెలుగులో కవితా సంపుటాలు, కథా సంపుటాలు, ఊళ్ళ చరిత్రలు పెక్కు రచయితల సొంత ఖర్చుతో అచ్చవుతాయి. ప్రతులు కొద్ది. కొన్ని మిత్రులకు కానుకలుగా పోతాయి. తక్కినవి ఇంటి అటక మీదనో, పరిచయమున్న విక్రేత వద్దనో ఉంటాయి. అటువంటి పుస్తకం ఏ జాబితాకూ ఎక్కదు. ఏడాదికొకసారి, ప్రదర్శనలో ఒక బల్ల మీదికి వస్తుంది. 1989 నుండి జనవరి తొలి దినాలలో జరుగుతున్న విజయవాడ పుస్తక మహోత్సవంలోనూ, హైదరాబాదు పుస్తక ప్రదర్శనలోనూ ఇటువంటి బల్లలు కనబడతాయి. చెన్నై నుండి విజయవాడకు ఒక రాత్రి రైలు ప్రయాణం. రెండు మూడు గ్రంథాలయాల వారు కలిసి తమలో ఒకరిని పంపుకొన్నా భారం కాదు.

పుస్తకాన్ని చేతిలోకి తీసుకొన్నప్పుడు గ్రంథపాలకుని కన్ను పాఠకుని కన్ను వంటిది కాదు. ఇంటిలో ఒకరు చదివే ప్రతికి, వంద చేతులు మారే ప్రతికి భేదమున్నది. నడిమి పుటల వద్ద పూర్తిగా విప్పి చూస్తే తెలుస్తుంది, దారంతో కుట్టినదా, కేవలం జిగురుతో అంటించినదా అని. జిగురు కట్టు కొన్నాళ్ళకే పుటలను రాల్చడం మొదలుపెడుతుంది. ఆ తరువాత కూలిపనికి తోడు బైండింగు ఖర్చు. కాగితం పలుచనైతే వెనుక పుటలోని అక్షరాలు ముందుకు తొంగిచూస్తాయి. పాత ముద్రణను ఫొటో తీసి తిరిగి అచ్చువేసిన పుస్తకాలలో అక్షరాలు అక్కడక్కడ విరిగి ఉంటాయి. దీర్ఘమో గుడియో తేలక వృద్ధ పాఠకులు అవస్థపడతారు. మన గ్రంథాలయాలలో తెలుగు బీరువా వద్దకు వచ్చేవారిలో వృద్ధులే ఎక్కువ. అందుచేత అక్షరం పరిమాణాన్ని చూడకుండా సిఫారసు చేసిన పుస్తకం, ఎంత గొప్పదైనా, బీరువాలోనే ఉండిపోతుంది.

ఇక ఉపాధ్యాయుని సంగతి. తమిళనాడులో 2006లో వచ్చిన తమిళ భాషాభ్యసన చట్టంతో మొదటి తరగతి నుండి ఏటేటా ఒక్కొక్క తరగతికి తమిళం తప్పనిసరి పాఠమయినది. నివసించే రాష్ట్రపు భాష నేర్వడం అవసరమే. దానిని కాదనేవారు లేరు. అయితే దానివలన బడిలో తెలుగుకు ఉన్న చోటు కుదించుకుపోయిందన్నది కూడా వాస్తవం. తెలుగు మాట్లాడుతూ, తెలుగు చదవలేని పిల్లలు ఇప్పుడు ఇంటింటా ఉన్నారు. వీరికి ఇవ్వవలసిన పుస్తకం ఏది? తెలుగు రాష్ట్రాల వాచకం వీరికి పొసగదు. ఆ వాచకం పదేళ్ళ పిల్లవాడికి అక్షరాలు వచ్చునని భావించి వ్రాసినది. అక్షరాలు నేర్పే వాచకమైతే ఐదేళ్ళ పసివాడి కోసం వ్రాసినది. పదేళ్ళవాడు దానిని చిన్నతనంగా భావించి పక్కన పెడతాడు.

ఇందులో లిపి చిక్కు కూడా ఉన్నది. తమిళ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒకే అక్షరం. తెలుగులో వలె అక్షరం కింద వత్తు చేర్చే పద్ధతి లేదు. ఆ లిపితో చదువు మొదలుపెట్టిన పిల్లవాడు తెలుగు వత్తుల వద్ద ఆగిపోతాడు. బెంగళూరులో కన్నడం నేర్చిన పిల్లవానికి ఈ కష్టం ఇంత ఉండదు. ఆ రెండు లిపులు అక్కచెల్లెళ్ళ వంటివి. కనుక చెన్నై ఉపాధ్యాయుడు వెదకవలసిన పుస్తకం వేరు, బెంగళూరు ఉపాధ్యాయుడు వెదకవలసిన పుస్తకం వేరు. ఏ వాక్యంలో ఎన్ని వత్తులున్నాయో, బొమ్మ చూచి మాటను ఊహించగల వీలున్నదో లేదో, కథ పదేళ్ళవాడు సిగ్గుపడకుండా చదవదగినదో కాదో, ఇవన్నీ పుటలు తిప్పితే ఐదు నిమిషాలలో తేలిపోతాయి. ఏ జాబితాలోనూ వీటికి గడి లేదు.

విశేషమేమంటే, ఇటువంటి పుస్తకాలు కొన్ని ఈ నగరంలోనే తయారవుతున్నాయి. చెన్నైలోని తూలికా ప్రచురణ సంస్థ బొమ్మల పుస్తకాలను తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో వెలువరిస్తున్నది. ఒకే పుటలో తెలుగు, ఇంగ్లీషు రెండూ ఉండే ద్విభాషా పుస్తకాలు కూడా వారివి ఉన్నాయి. తల్లికి తెలుగు లిపి రాకపోయినా పిల్లవానితో కలిసి కూర్చోవచ్చు. బెంగళూరుకు చెందిన ప్రథమ్ బుక్స్ తన కథల పుస్తకాలను చదివే శక్తిని బట్టి నాలుగు స్థాయిలుగా విభజించింది. నేషనల్ బుక్ ట్రస్టు బాలసాహిత్యం తక్కువ వెలకు లభిస్తుంది. హైదరాబాదులోని మంచి పుస్తకం సంస్థ పిల్లల పుస్తకాలకే అంకితమైనది. వీటిలో కొన్ని నందనంలోనే కనబడతాయి. తమిళ పుస్తకాల ప్రవాహంలో తెలుగు ప్రతి ఏ మూల అరలో ఉన్నదో అడిగి తీయించుకోవలసి వస్తుంది. అడగడానికి మొగమాటం పనికిరాదు.

అడగడమనే మాట వచ్చింది కనుక, ప్రదర్శనలో జరిగే సంభాషణను గురించి చెప్పవలసి ఉన్నది. బల్లకు ఆవల కూర్చున్నవారు తరచు ప్రచురణకర్తలే, లేదా వారి కుటుంబీకులే. విజయవాడలో పుస్తకం వేసేవారికి చెన్నైలోనో, బరంపురంలోనో, షోలాపూరులోనో తమ పుస్తకం కోసం ఎదురుచూచేవారు ఉన్నారని తెలియకపోవచ్చు. ఆ సంగతి చెప్పగలవాడు గ్రంథపాలకుడు ఒక్కడే. పెద్ద అక్షరాల ప్రతి వేస్తే పది గ్రంథాలయాలు సిఫారసు చేస్తాయని, వత్తులు తక్కువగా ఉన్న కథలు కావాలని చెప్పేవారు లేకపోతే ప్రచురణకర్త తెలిసిన మార్గంలోనే పోతాడు. విదేశాలలో ఈ సంభాషణకు పెద్ద పీట వేశారు. ఫ్రాంక్‌ఫర్ట్ పుస్తక ప్రదర్శనలో తొలి రోజులు పుస్తక వృత్తిలో ఉన్నవారికే కేటాయిస్తారు. ఇటలీలోని బొలోనియాలో 1964 నుండి బాలల పుస్తకాలకే వేరుగా ప్రదర్శన ఉన్నది. తమిళనాడు ప్రభుత్వం 2023లో ఆరంభించిన చెన్నై అంతర్జాతీయ పుస్తక ప్రదర్శన కూడా అనువాద హక్కుల లావాదేవీలకు ఉద్దేశించినదే.

మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకులుగా పనిచేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో గ్రంథాలయశాస్త్ర పంచసూత్రాలను ప్రకటించారు. ప్రతి పాఠకునికి అతనికి తగిన గ్రంథం, ప్రతి గ్రంథానికి దానికి తగిన పాఠకుడు అన్న భావం వాటిలో రెండింటికి ప్రాణం. ఈ రెండవ కొస, అనగా గ్రంథానికి పాఠకుని వెదకిపెట్టడం, బీరువా ముందు కూర్చుంటే జరగదు.

వెళ్ళే పద్ధతిలో కొంత మెలకువ కావాలి. ఆదివారం సాయంత్రం వెళ్తే జనంలో పుట తిప్పే సందు దొరకదు. పనిదినాన, స్టాళ్ళు తెరచిన మొదటి గంటలో వెళ్ళాలి. అందుకు విధి నిర్వహణగా గుర్తించి అనుమతి ఇవ్వడం అధికారుల పని. చేతిలో ఉండవలసినది గత ఏడాది పాఠకులు అడిగి, దొరకక తిరిగిపోయిన పుస్తకాల పట్టిక. నచ్చిన పుస్తకంలో ప్రచురణ వివరాలు ఉన్న పుటను ఫోనుతో ఫొటో తీసుకొంటే ముద్రణ సంవత్సరం, చిరునామా, ఐ.ఎస్.బి.ఎన్. సంఖ్య అన్నీ దొరుకుతాయి. సిఫారసు పత్రం నింపేటప్పుడు అవే కావాలి. గ్రంథపాలకుడు, ఉపాధ్యాయుడు కలిసి వెళ్తే మరీ మంచిది. ఒకరు కట్టు చూస్తారు, ఒకరు వాక్యం చూస్తారు. సంచి నిండా ఉచిత కేటలాగులు మోసుకొని రావడం మాత్రం పని జరిగినట్లు కాదు. అవి మార్చి నాటికి పాత కాగితాలవానికి చేరతాయి. సగం వెలకు ఇస్తామనే కట్టల వద్ద కూడా జాగ్రత్త అవసరం. అమ్ముడుపోనివి అందులో కలిపి కట్టి ఉండవచ్చు.

ఇదంతా ఉద్యోగుల పనే కదా అని పాఠకులు అనుకోరాదు. 1948 నాటి మద్రాసు పౌర గ్రంథాలయ చట్టం స్వతంత్ర భారతంలో ఆ కోవకు చెందిన మొదటి చట్టం. దాని ప్రకారం ఇంటి యజమానులు ఆస్తిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు చెల్లిస్తున్నారు. చెల్లించేవారిలో తెలుగువారూ ఉన్నారు. అయినా శాఖా గ్రంథాలయంలో తెలుగు పుస్తకం కావాలని నోటితో అడిగి, లేదంటే తలవంచుకొని వెళ్ళిపోయేవారే ఎక్కువ. నోటిమాట ఏ లెక్కలోకీ రాదు. చదివేవారు లేరని భావించినప్పుడు తెలుగు బీరువాను మరొక దానికి కేటాయించడం ఎవరికైనా సులభం. పాఠకుల సూచనల పుస్తకం అడిగి తీసుకొని, కావలసిన గ్రంథం పేరు, తెలిసినంతవరకు రచయిత, ప్రచురణకర్త, ఊరు వ్రాసి, తేదీ వేసి సంతకం చేయాలి. డిసెంబరు నెలాఖరులోగా ఆ పని జరిగితే, జనవరిలో నందనానికో విజయవాడకో బయలుదేరే గ్రంథపాలకుడు ఆ పుటల నకలును వెంట తీసుకొని వెళ్ళగలుగుతాడు.