కొండ మీద కాలేజీ, కింద ఊరు

మాస్టారి స్మారకోపన్యాసానికి అమెరికాలోని ఒక చిన్న ఊరేమిటని కొందరికి అనిపించవచ్చు. ఆయన చెప్పింది భూగోళం. ఏ ఊరి చరిత్ర అడిగినా, ముందు అక్కడి నీళ్లు ఎటు పారతాయో చెప్పమనేవారు. న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథాకాకు ఆ ప్రశ్న అతికినట్టు సరిపోతుంది.

2020 జనగణన ప్రకారం ఇథాకా జనాభా 32,108. మన లెక్కలో ఓ మోస్తరు పట్టణం. హిమయుగంలో హిమానీనదాలు ఉత్తర దక్షిణాలుగా లోయలు తొలిచి కరిగిపోగా, వాటిలో సన్నగా, పొడవుగా సరస్సులు నిలిచాయి. వేళ్లలా ఉన్నాయని ఫింగర్ లేక్స్ అన్నారు. వాటిలో అన్నిటికన్నా పొడవైనది కయూగా: దాదాపు 60 కిలోమీటర్లు, లోతు 130 మీటర్లకు పైనే. దాని దక్షిణపు కొసన ఇథాకా ఉంది. మంచు పెద్ద లోయను లోతుగా తవ్వింది, పక్క వాగులు పైనే ఉండిపోయాయి. అందుకే ఫాల్ క్రీక్, కాస్కడిల్లా లాంటి వాగులు రాతిని కోసుకుంటూ ఊళ్లోకి దూకుతాయి. దగ్గర్లోని టగానక్ జలపాతం 65 మీటర్లు, ఎత్తులో నయాగరాకన్నా పెద్దది.

ఆ నేల కయూగా జాతిది. స్వాతంత్ర్య యుద్ధం సాగుతుండగా 1779లో, జార్జ్ వాషింగ్టన్ ఆజ్ఞ మీద వచ్చిన జనరల్ సలివన్ సేనలు వాళ్ల ఊళ్లు తగలబెట్టి, పంటలు, పళ్లతోటలు నాశనం చేశాయి. ఇథాకాకు దక్షిణాన, కయూగాల అండన తలదాచుకున్న టుటెలోల ఊరు కూడా ఆ మంటల్లోనే పోయింది. తర్వాత పటం మీద గళ్లు గీసి ఆ భూమిని యుద్ధసేవకు ప్రతిఫలంగా సైనికులకు పంచారు. గళ్లకు హోమర్, ఓవిడ్, హెక్టర్, యులిసీస్ అని పేర్లు. యులిసీస్ గడిలో లేచిన ఊరు కాబట్టి సర్వేయర్ జనరల్ సిమియన్ డివిట్ దానికి ఆ గ్రీకు కావ్య వీరుడి దీవి పేరు పెట్టాడు. లాక్కున్న నేలకు కావ్యాల పేర్లు పెట్టిన ఆ ముచ్చట చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

1828లో ఎజ్రా కార్నెల్ అనే యువ వడ్రంగి పని వెతుక్కుంటూ ఈ ఊరు చేరాడు. పిండిమరలకు నీళ్లు తేవడానికి ఫాల్ క్రీక్ పక్కన కొండరాయిని పేల్చి సొరంగం తీశాడు. తర్వాత మోర్స్ టెలిగ్రాఫ్ పనిలో చేరాడు. వాషింగ్టన్, బాల్టిమోర్ మధ్య తీగను భూమిలో పాతడానికి ప్రత్యేకంగా నాగలి చేశాడు. పాతిన తీగ పనికిరాలేదు. స్తంభాలకు వేలాడదీస్తే పలికింది! వెస్టర్న్ యూనియన్ వాటాలు అతణ్ణి ధనవంతుణ్ణి చేశాయి.

రాష్ట్ర సెనేట్‌లో అతనికి ఆండ్రూ వైట్ అనే పండితుడు జతపడ్డాడు. ఇద్దరూ కలిసి కార్నెల్ విశ్వవిద్యాలయం పెట్టారు. 1862 మొరిల్ చట్టం కళాశాలల కోసం రాష్ట్రాలకు కేంద్ర భూములు ఇచ్చింది. న్యూయార్క్ వాటా సుమారు 9.9 లక్షల ఎకరాలు. ఆ రాష్ట్రంలో కేంద్ర భూమి లేదు కనుక చేతికొచ్చింది పత్రాలే. చాలా రాష్ట్రాలు వాటిని అయినకాడికి అమ్ముకుంటే, కార్నెల్ విస్కాన్సిన్‌లో పైన్ అడవులు ఎంచుకుని ధర పెరిగేదాకా పట్టి ఉంచాడు. అతను పోయాక కలప, భూమి అమ్మకాలు విశ్వవిద్యాలయాన్ని నిలబెట్టాయి. అవి ఒజిబ్వేలు ఒప్పందాల కింద వదులుకోవలసి వచ్చిన అడవులు. దాత ఉదారుడే. అయిదు లక్షల డాలర్లు, కొండ మీది తన పొలం ఇచ్చాడు. అయినా పునాదిలో ఎవరి నేల ఉందో చెప్పకపోతే ఈ చరిత్ర సగమే.

1868 అక్టోబరు 7న 412 మంది విద్యార్థులతో విశ్వవిద్యాలయం తలుపులు తెరిచారు.

కొండకీ ఊరికీ ఉన్న బంధం 1903లో బయటపడింది. ఓ ప్రైవేటు కంపెనీ సిక్స్ మైల్ క్రీక్ నీళ్లను వడపోయకుండానే గొట్టాల్లోకి వదిలేది. ఆ చలికాలంలో టైఫాయిడ్ ఊరంతా పాకింది. వెయ్యిమందికి పైగా మంచాన పడ్డారు. 82 మంది చనిపోయారు, వారిలో 29 మంది విద్యార్థులు. అనుమానం ఎగువన ఆనకట్ట కడుతున్న కూలీల మీద పడింది గానీ, వడపోత లేకపోవడమే అసలు దోషం. విద్యార్థుల వైద్య ఖర్చు ఆండ్రూ కార్నెగీ భరించాడు. ఊరివాళ్లు ఓటేసి నీటి సరఫరాను నగరం చేతిలోకి తెచ్చుకున్నారు.

మిగతావి పైపైనే చెప్పుకోవాలి. హాలీవుడ్ పూర్తిగా ఎదగకముందే, 1914 నుంచి కొన్నేళ్లు వార్టన్ సోదరులు సరస్సు ఒడ్డున మూకీ సినిమాలు తీశారు. నవలాకారుడు నబొకోవ్ కార్నెల్‌లో సాహిత్యం బోధించాడు, ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సేగన్ నక్షత్రాల గురించి చెప్పాడు. 2000 నుంచి సరస్సు అడుగున నాలుగు డిగ్రీల్లో ఉండే నీటి చల్లదనంతో కార్నెల్ భవనాలు చల్లబడుతున్నాయి. నీళ్లు నేరుగా భవనాల్లోకి వెళ్లవు, చల్లదనం ఇచ్చి సరస్సుకే తిరిగి చేరతాయి.

ఇక డబ్బు తగాదా. కార్నెల్ విద్యాసంస్థ కనుక దాని భూముల్లో చాలా వాటికి ఆస్తి పన్ను లేదు. రోడ్లు, అగ్నిమాపక దళం ఖర్చు ఊరిదే. ఎన్నో వాదనల తర్వాత 2023లో కుదిరిన ఒప్పందం ప్రకారం విశ్వవిద్యాలయం నగరానికి ఏటా 40 లక్షల డాలర్లు, పదిహేనేళ్ల పాటు ఇస్తుంది. అది చాలదన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు.