కొలువు ముగిశాక వీసా: గల్ఫ్‌లోని మనవారు ముందుగా వేసుకోవలసిన లెక్క

(సంస్థ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సంవత్సరం మాకు అప్పగించిన అంశం రిటైర్మెంట్ వీసా. పరాయి దేశంలో ఉంటూనే, అక్కడి నుంచి కదలకుండానే, దీనికి దరఖాస్తు పెట్టుకోవచ్చా అని మనవాళ్లు అడుగుతున్నారు. అడిగేవారు రెండు రకాలు. దుబాయ్‌లోనో అబూధాబీలోనో మంచి ఉద్యోగం చేసి, పిల్లలు అక్కడే స్థిరపడగా, ఇక ఇంటికి వచ్చి ఏం చేయాలి అనుకునేవారు మొదటి రకం. కువైట్‌లోనో బహ్రెయిన్‌లోనో ఇరవై ఏళ్లుగా డ్రైవరు పని, వంట పని, ఇంటి పని చేస్తూ, ఒళ్లు సహకరించని రోజు వస్తే ఏం గతి అని భయపడేవారు రెండో రకం. ఇద్దరి ప్రశ్నా ఒకటే. జవాబు మాత్రం ఒకటి కాదు. మొదటివారికి మన దగ్గర నుంచి కావలసింది సమాచారం. రెండోవారికి కావలసింది మన చేయూత.

రాజోలు, మలికిపురం, అమలాపురం వైపు వెళ్లినా, గోదావరి దాటి నరసాపురం, పాలకొల్లు, ఆచంట వైపు వెళ్లినా గల్ఫ్ సొమ్ముతో లేచిన డాబాలు కనబడుతూనే ఉంటాయి. ఆ డాబాల్లో పెళ్లిళ్లు జరిగాయి, పిల్లల చదువులు సాగాయి. మన మసీదులకు, మదరసాలకు, ఈ సంస్థకు కూడా ఆ కష్టంలో వాటా అందింది. అందుకే ఈ విషయం మన ఇంటి విషయం.

ముందుగా ఒక మూలసూత్రం చెబుతాం. గల్ఫ్ దేశాల్లో మామూలు ఉద్యోగి నివాస హక్కు ఉద్యోగానికి ముడిపడి ఉంటుంది. ఎన్నేళ్లు పనిచేసినా అది దానంతట అది శాశ్వత నివాసంగా మారదు. ఉద్యోగం పోతే ఇకామా పోతుంది. ఆ తరువాత మిగిలేది కొద్ది రోజుల గడువు మాత్రమే. కాబట్టి రిటైర్మెంట్ వీసా గురించి ఆలోచించవలసింది రిటైరైన తరువాత కాదు, ఉద్యోగంలో ఉండగానే.

ఇక యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ సంగతి. పదవీ విరమణ చేసిన విదేశీయులకు ఐదేళ్ల వీసా ఇవ్వాలని ఆ దేశ మంత్రివర్గం 2018 సెప్టెంబరులో నిర్ణయించింది. 2020లో దుబాయ్ తన సొంత పథకాన్ని మొదలుపెట్టింది. నిబంధనలు మధ్యలో కొంత సడలాయి. ఇప్పుడు ఆ ప్రభుత్వం చెబుతున్న ప్రకారం, రిటైరయ్యేనాటికి 55 ఏళ్లు నిండి ఉండాలి, లేదా 15 ఏళ్లకు తగ్గకుండా ఉద్యోగం చేసి ఉండాలి. ఆ ఉద్యోగం ఆ దేశంలోనే చేసి ఉండనక్కరలేదు. దానితోపాటు మూడింటిలో ఒకటి చూపాలి: 10 లక్షల దిర్హాముల ఆస్తి, లేదా 10 లక్షల దిర్హాముల పొదుపు, లేదా నెలకు 20,000 దిర్హాముల ఆదాయం. దుబాయ్‌లో ఆదాయం 15,000 దిర్హాములుంటే చాలు. ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేయాలి. ఐదేళ్ల తరువాత అర్హత నిలిచి ఉంటే మళ్లీ పొడిగిస్తారు.

ఈ అంకెలను మన రూపాయల్లోకి మార్చి చూడండి. 10 లక్షల దిర్హాములంటే రెండు కోట్ల రూపాయలకు పైమాటే. నెలకు 20,000 దిర్హాములంటే నాలుగు లక్షలకు పైమాటే. ఇంజనీరుకో, డాక్టరుకో, వ్యాపారికో ఇది సాధ్యం కావచ్చు. లేబర్ క్యాంపులో పడుకుని ఇంటికి డబ్బు పంపినవాడికి కాదు. ఈ మాట దాచిపెట్టి ఆశ పెట్టడం కన్నా మొదటే చెప్పడం మేలు.

అర్హత ఉన్నవారు అక్కడ ఉండగానే దరఖాస్తు చేసుకోవాలంటే మూడు జాగ్రత్తలు అవసరం.

మొదటిది గడువు. పాత వీసా రద్దయ్యాక ఎమిరేట్స్‌లో ఇచ్చే వెసులుబాటు వీసా వర్గాన్ని బట్టి మారుతుంది. కొందరికి అది 30 రోజులే, కొందరికి 180 రోజుల దాకా ఉంటుంది. అది దాటితే రోజుకు 50 దిర్హాముల జరిమానా పడుతుంది. తనకు ఎన్ని రోజులు వర్తిస్తుందో వీసా రద్దు కాగితం మీద సంతకం పెట్టేముందే కనుక్కోవాలి. ఇతర దేశాల్లోనూ ఇదే పద్ధతి. థాయ్‌లాండ్‌నే తీసుకుందాం. 50 ఏళ్లు నిండినవారు టూరిస్టుగా వెళ్లి అక్కడే రిటైర్మెంట్ వర్గానికి మార్చుకోవచ్చు. అయితే దరఖాస్తు ఇచ్చేనాటికి కనీసం 15 రోజుల బస మిగిలి ఉండాలి. పద్నాలుగో రోజున వెళితే పెట్టెలో డబ్బున్నా పని జరగదు.

రెండోది డబ్బు ఉన్న చోటు, ఉన్న కాలం. ఇక్కడ పొలం ఉంది, రాజమహేంద్రవరంలో రెండు ప్లాట్లున్నాయి అంటే అక్కడి అధికారి ముందు దానికి విలువ రాకపోవచ్చు. థాయ్‌లాండ్ వారు 8 లక్షల బాత్‌లు తమ దేశపు బ్యాంకులోనే చూపమంటారు. ఎమిరేట్స్ వారు ఆరు నెలల లెక్క చూస్తారు. చివరి వారంలో బంధువుల దగ్గర అప్పు తెచ్చి ఖాతాలో వేస్తే ఆ లెక్కలో అది తెలిసిపోతుంది.

మూడోది కాగితాలు. భార్యను కూడా తనతో ఉంచుకోవాలంటే వివాహ ధ్రువపత్రం కావాలి. మనలో చాలామందికి ఖాజీగారి రిజిస్టరులో నమోదైన నికాహ్‌నామా తప్ప వేరే పత్రం లేదు. అది ఉర్దూలో ఉంటుంది. పాస్‌పోర్టులో ఒక పేరు, నికాహ్‌నామాలో ఒక పేరు, ఆధార్‌లో ఇంటిపేరుతో మరో పేరు. షేక్ ముందుండాలా వెనకుండాలా అన్నది మనకు చిన్న విషయం. వీసా కౌంటరు దగ్గర అదే కొండంత అవుతుంది. ఎమిరేట్స్, కువైట్ రెండూ హేగ్ అపోస్టిల్ ఒప్పందంలో లేవు. కనుక మన పత్రానికి రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, విదేశాంగ శాఖ ధ్రువీకరణ, ఆపై ఆ దేశపు రాయబార కార్యాలయ ధ్రువీకరణ వరుసగా కావాలి. ఇందులో ఎక్కువ పని ఇండియాలోనే జరగాలి. మనిషి అక్కడే ఉన్నా అతని కాగితం ఇక్కడ తిరగాలి. సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడే ఈ పని పూర్తి చేసుకున్నవారు సుఖపడతారు.

మరో హెచ్చరిక. 2025 జూలైలో, లక్ష దిర్హాములు, అంటే సుమారు 23 లక్షల రూపాయలు కడితే భారతీయులకు జీవితకాలపు గోల్డెన్ వీసా ఇస్తారని పత్రికల్లో, టీవీల్లో వార్తలు వచ్చాయి. కొద్ది రోజుల్లోనే ఎమిరేట్స్ అధికారులు అది నిజం కాదని ప్రకటించారు. ఈలోగా ఎంతమంది ఆశపడ్డారో ఊహించవచ్చు. ఇలాంటి కబురు వస్తే ఆ దేశ ప్రభుత్వ ప్రకటన చూసేదాకా ఒక్క రూపాయి కూడా ఎవరి చేతిలో పెట్టవద్దు.

ఇప్పుడు రెండో రకం వారి సంగతికి వద్దాం. మన డెల్టా నుంచి వెళ్లినవారిలో, ముఖ్యంగా ఆడవారిలో, ఇంటి పనికి వెళ్లినవారు ఎక్కువ. కువైట్‌లో ఇంటి పనివారి కోసం 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. దాని ప్రకారం నియామకానికి వయసు 21 నుంచి 60 ఏళ్ల మధ్య ఉండాలి. వారికి రిటైర్మెంట్ వీసా అన్న మాటే లేదు. కంపెనీల్లో పనిచేసేవారికీ భరోసా తక్కువే. 60 దాటి, డిగ్రీ లేనివారి వర్క్ పర్మిట్లు పొడిగించబోమని 2021లో ఆంక్ష పెట్టారు. 2022లో భారీ రుసుము, ప్రైవేటు ఆరోగ్య బీమా షరతులతో సడలించారు. ఆ నిబంధనలు తరువాత మళ్లీ మారాయి. ముప్పై ఏళ్లు ఒకే ఊళ్లో బతికిన మనిషి బతుకు ఒక సర్క్యులర్ మీద ఆధారపడటమంటే ఇదే.

వీరు ఏం చేయాలి? ఉండిపోయే దారి లేనప్పుడు గౌరవంగా తిరిగివచ్చే దారి చూసుకోవాలి. వీసా లేకుండా దాక్కుని ఉండటం దారి కాదు. జబ్బు చేస్తే ఆసుపత్రికి వెళ్లలేరు, జీతం ఎగ్గొడితే అడగలేరు, ఇంట్లో ఎవరైనా కన్నుమూస్తే చివరిచూపుకు రాలేరు. కువైట్ 2018లోను, 2024లోను, ఎమిరేట్స్ 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు క్షమాభిక్ష ప్రకటించాయి. అప్పుడు జరిమానా లేకుండా బయటపడే అవకాశం వచ్చింది. కానీ క్షమాభిక్ష ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. దానిని నమ్ముకుని వీసా వదిలేయడం వరద తగ్గుతుందిలే అని లంకలో కూర్చోవడం వంటిది.

తిరిగివచ్చే మనిషి ఖాళీ చేతులతో రాకూడదు. కువైట్ ఇంటి పనివారి చట్టం ప్రకారం పని ముగిసినప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున యజమాని ఇవ్వాలి. నెలకు 120 దీనార్లు తీసుకునే డ్రైవరు పదేళ్లు పనిచేశాడనుకుందాం. అతనికి రావలసింది 1,200 దీనార్లు, మన లెక్కలో మూడు లక్షల రూపాయలకు పైన. ఎమిరేట్స్‌లో కంపెనీ ఉద్యోగికి మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం, ఆ తరువాత ఏడాదికి 30 రోజులది వస్తుంది. ఇది ఎవరి దయా కాదు, చట్టం ఇచ్చిన హక్కు. అయినా విమానం టికెట్టు చేతిలో పెట్టగానే సంతోషంతో ఈ మాట మరిచిపోయేవారున్నారు. లెక్క తేలకుండా 'అన్నీ ముట్టాయి' అన్న కాగితం మీద సంతకం చేయవద్దని మన ఇళ్ల నుంచే ఫోన్‌లో చెప్పాలి. ఇబ్బంది వస్తే భారత రాయబార కార్యాలయం ఉంది, విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్ ఉంది. చిక్కుకుపోయినవారి టికెట్టుకు, న్యాయ సహాయానికి వాడేందుకు 2009లో ఏర్పాటైన భారతీయ ప్రవాసుల సంక్షేమ నిధి ఉంది.

ఇంటికి వచ్చాక ఇంకో గండం. మన రాష్ట్రంలో 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు. అది అందాలంటే 60 ఏళ్లు నిండటంతోపాటు రేషన్ కార్డు, ఆధార్ చిరునామా, సచివాలయం లెక్కలో పేరు సరిగ్గా ఉండాలి. ఇరవై ఏళ్లు ఊళ్లో లేని ఆపా పేరు కార్డులో ఎక్కడుంటుంది? పేరు ఎక్కించి, దరఖాస్తు పెట్టి, మంజూరయ్యే దాకా ఆమె ఎలా బతకాలి? పిల్లలు పంపిన డబ్బుతో కట్టిన డాబాలోనే ఒక మూల గదిలో, అడగడానికి మొహమాటపడుతూ బతికే పెద్దవాళ్లు మనకు కొత్త కాదు. ఊరంతా 'కువైట్ వాళ్లు' అంటుంది కాబట్టి వారి లేమి ఎవరి కంటా పడదు.

దాతలారా, మిమ్మల్ని కోరేది ఇక్కడే. మూడు పనులకు మీ తోడ్పాటు కావాలి.

ఒకటి, వారానికి ఒకరోజు కాగితాల సహాయ కేంద్రం. నికాహ్‌నామా అనువాదం, పేర్ల సవరణ, ధ్రువీకరణల వరుస, పింఛను దరఖాస్తు, ఇవన్నీ ఓపికగా చేసిపెట్టే ఇద్దరు మనుషులు చాలు. దీనికి డబ్బు కన్నా సమయం ముఖ్యం. రిటైరైన ఉపాధ్యాయులు, రెవెన్యూ ఉద్యోగులు మన సభలోనే ఎందరో ఉన్నారు.

రెండు, తిరిగివచ్చినవారికి పింఛను మొదలయ్యేదాకా నెలనెలా ఇచ్చే చిన్న భృతి. ఖురాన్ జకాత్‌కు చెప్పిన ఎనిమిది వర్గాల్లో పేదలతోపాటు అప్పుల్లో ఉన్నవారు, బాటసారులు కూడా ఉన్నారు. ఎవరికి జకాత్ నుంచి, ఎవరికి సదకా నుంచి ఇవ్వాలన్నది ఉలమాలు నిర్ణయిస్తారు. పేర్లు మాత్రం నోటీసు బోర్డుకు ఎక్కకూడదు. ఒకప్పుడు మనకు ఇచ్చిన చేయి అది.

మూడు, కొత్తగా వెళ్లే పిల్లలకు బయలుదేరే ముందు ఒక పూట పాఠం. తన పేరున బ్యాంకు ఖాతా, అందులో నెలకు ఎంతో కొంత తన ముసలితనానికి, 10 లక్షల రూపాయల రక్షణ ఇచ్చే ప్రవాసీ భారతీయ బీమా గడువు తీరకుండా చూసుకోవడం, వీసా ముగిసే తేదీ ఇంట్లోవారికీ తెలిసి ఉండటం. ఇంతే ఆ పాఠం.

దుబాయ్‌లో స్తోమత ఉన్న మన సోదరులు నిబంధనల ప్రకారం రిటైర్మెంట్ వీసా తీసుకుని పిల్లల దగ్గర హాయిగా ఉండాలని మా దువా. ఆ స్తోమత లేనివారికి దొరికే రిటైర్మెంట్ వీసా ఒకటే, అది సొంత ఊరు. అక్కడికి వచ్చినప్పుడు తలుపు తెరిచి ఉండేలా చూడటం మన వంతు. అల్లాహ్ ఆ భాగ్యం మనకు ప్రసాదించుగాక. ఆమీన్.