వేరుకు తెగులు, మొక్క పోరాటము
(పుట్టపర్తిలో పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



చిత్రావతి పరిసరములందలి ఈ ఎఱ్ఱనేలలలో మీరు తఱచు చూచు దృశ్యమే ఇది. వానపదునున వేరుసెనగ విత్తితిరి. సాలు చక్కగా మొలచినది. నెల తిరుగకమునుపే అక్కడొకటి, ఇక్కడొకటి మొక్కలు తలవాల్చినవి. పెరికి చూచిన, మొదట నల్లని మసివంటి పొడి. ఇది మొదలుకుళ్ళు తెగులు. పైరు ఎదిగినపిమ్మట కాండము మొదట తెల్లని దారములును, ఆవగింజలవంటి గుండ్లును కనబడినచో అది కాండము కుళ్ళు. రెంటికిని కారణము మట్టిలోని బూజులే.

అదే మట్టిలో ప్రక్క మొక్క యెట్లు నిలిచినది? మొక్క ఊరక కూర్చుండదు. వేరుకొన నుండి జిగురుగల కణములు రాలుచుండును. బూజు తొలుత వానిలో చిక్కుకొనును. దాటివచ్చినచో, లోపలి కణములు తమ గోడలను చెక్కవలె గట్టిపఱచుకొనును. కాండము కుళ్ళు బూజు మాత్రము మిక్కిలి గడుసుది. ముందుగా ఆమ్లమును విడిచి కణములను చంపి, పిదప తినును.

వేరుసెనగకు మఱియొక ఆయుధము కలదు. బూజు తాకినంతనే అది విరుగుడు పదార్థములను తయారుచేసికొనును. ద్రాక్షతొక్కలో నుండు రెస్వెరెట్రాల్ వానిలో నొకటి. అయితే ఈ మందు తయారగుటకు కణమునందు నీరుండవలెను. బెట్టకు గురియైన కాయలోని గింజ ఈ శక్తిని కోల్పోవును. అప్పుడే వేరొక బూజు చొరబడి అఫ్లటాక్సిన్ అను విషమును నింపును. వానలు తక్కువైన మన సీమలో ఇది చిన్న సంగతి కాదు.

కందికి వచ్చు ఎండు తెగులులో బూజు నీటినాళములలోనికే పోవును. మొక్క ఆ నాళములను జిగురుతో మూసి అడ్డగింపబోవును. మూత హెచ్చైనచో తానే నీరందక వాడిపోవును! జొన్నతో కలిపి విత్తిన కందిలో ఈ తెగులు తగ్గునని పరిశోధనలవలన తేలినది. మన పెద్దలు చేసిన సేద్యమును తేలికగా త్రోసివేయరాదు.

ఇక చేయవలసినది. చిట్లిన గింజను విత్తనమునకు వాడకుడు. బూజుకు అదియే వాకిలి. లోతుగా విత్తినను మొదలుకుళ్ళు హెచ్చును. 2 అంగుళములు చాలును. కిలో విత్తనమునకు 10 గ్రాముల ట్రైకోడెర్మా పొడి పట్టింపుడు. ఇదియు బూజే, కాని మనకు మిత్రుడు; శత్రువు దారములను చుట్టి తినును, వేరును మేల్కొలుపును. దీనిని పెంచుటకు 90 కిలోల మాగిన పశువులయెరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల పొడి కలిపి, నీరు చిలుకరించి, నీడలో గోనెలు కప్పి ఉంచవలెను. ఇది ఎకరమునకు సరిపోవును. ఒక్కొక్క రైతుకు నీడయు, ఎరువును సమకూడకపోవచ్చును. పంచాయతీ ఒక పందిరి వేయించి, విత్తుటకు 15 దినములు ముందే ఈ పని ఉమ్మడిగా సాగించినచో చిన్నరైతుకును అందును. సందేహములున్న కదిరి వ్యవసాయ పరిశోధన స్థానము దగ్గఱలోనే యున్నది; చచ్చిన మొక్కను వేరుతో పెరికి, మట్టి రాల్చక తీసికొనిపొండు.