సముద్రమును చూడని పల్లెలు
(జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



మన మూడు జిల్లాలకును సముద్రతీరము లేదు. చెరువు నెరుగని బిడ్డ మన పల్లెలలో లేడు గాని, సముద్రమును కన్నులార చూడని పెద్దలు పెక్కుమంది గలరు. పశువులను, పైరును విడిచిపోవ వీలుపడక, తోడు దొరకక వారి కాలము గడచిపోయినది. ఒంటరిగా పోలేని వారిని ఊరుగా తీసికొనిపోవచ్చును. పంచాయతీ పూనుకొని యాభైమందితో మూడు దినముల సముద్రతీర యాత్రను ఎట్లు నడుపవచ్చునో ముచ్చటించుటకే మీ ముందు నిలిచితిని.

మార్గము కష్టమైనది కాదు. జనగామ, మహబూబాబాదుల మీదుగా పోవు రైలుదారియే విజయవాడ, తెనాలి దాటి బాపట్ల, చీరాలలను చేరుచున్నది. తిరుపతి పోవు కృష్ణా ఎక్స్‌ప్రెస్ ఈ దారినే పోవును. భూపాలపల్లి వారు మాత్రము ముందుగా వరంగల్లు చేరి రైలెక్కవలెను. నిజమునకు మనకంటె ముందే మన నీరు ఆ దారి పట్టినది. మహబూబాబాదు ప్రక్కగా పారు మున్నేరు కృష్ణలో కలియును. ఆ కృష్ణ నీరే విజయవాడ ఆనకట్ట నుండి పశ్చిమ డెల్టా కాలువలలో సాగి బాపట్ల పొలములను తడుపును.

బాపట్లకు సుమారు 9 కిలోమీటర్ల దూరమున సూర్యలంక తీరము గలదు. చీరాలకు సమీపముననే వాడరేవు. ఈ రెంటిలో ఒకదానియందు ఒక పూట గడపిన చాలును. వాడరేవున పడవలు ఒడ్డు చేరు వేళ చూడదగినది. కాని అది బెస్తవారి పని స్థలము, మన వినోదశాల కాదు. మన కల్లములో పరాయివారు వడ్లరాశిని త్రొక్కిన మనకెట్లుండునో, ఆరబెట్టిన వలను త్రొక్కిన వారికట్లే యుండును. ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు తూర్పుతీరమున మరపడవల వేట నిషేధము గనుక, ఆ రోజులలో పోయినచో ఎండ తప్ప మరేమియు కానరాదు.

చీరాలకు దక్షిణముగా మోటుపల్లి అను గ్రామము గలదు. సామాన్య యాత్రికులు అచ్చటికి పోరు; మనము మాత్రము తప్పక పోవలెను. ఓరుగల్లు నేలిన కాకతీయుల కాలమున అది గొప్ప ఓడరేవు. తుపానుకు చిక్కి ఓడ పగిలి ఒడ్డున పడినచో అందలి సరకంతయు రాజుదే యనుట పూర్వపు ఆచారము. గణపతిదేవ చక్రవర్తి 1244-45లో అచ్చట శాసనము వేయించి ఆ ఆచారమును మాన్పినాడు. నియమిత సుంకము తప్ప మరేమియు తీసికొనబోమని సముద్రవ్యాపారులకు అభయమిచ్చినాడు. ఆ సుంకము ముప్పదింట ఒక వంతు. మన ప్రాంతమున చెరువులు త్రవ్వించిన ఏలుబడియే అంత దూరమున పరదేశి నావికుని మేలు తలచినది. ఆ శాసనస్తంభము అచ్చటి వీరభద్రాలయమున నిలిచియున్నది.

చీరాలలో పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన మరియొక కథ గలదు. 1919లో చీరాల, పేరాల గ్రామములను కలిపి పురపాలక సంఘముగా చేయగా పన్నులు మోయరాని భారమైనవి. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున 1921లో ప్రజలు ఇండ్లు విడిచి, పొలిమేర దాటి, రామనగరమను పేర పాకలు వేసికొని పదకొండు మాసములు గడపిరి. పన్ను విధించు అధికారము చేతనున్న వారికి ఈ కథ చేదుగా నుండవచ్చును, అయినను వినవలసినదే.

ఇక భూపాలపల్లి వారికి ప్రత్యేకముగా ఒక దీవిని గూర్చి చెప్పెదను. కాళేశ్వరమువద్ద ప్రాణహితను కలుపుకొనిన గోదావరి, వందల మైళ్ల ఒండ్రును, ఇసుకను మోసికొనిపోయి కాకినాడ ఎదుట సముద్రములో పోసినది. గత రెండు శతాబ్దములలో ఆ ఇసుక పేరుకొని సన్నని పొడవైన దిబ్బగా ఏర్పడినది. దానినే హోప్ దీవి యందురు. తుపాను అలలను అది అడ్డుకొనుటచేతనే కాకినాడ రేవు కుదురుగా నున్నది. మన ఇసుకయే ఆ పట్టణమునకు గోడ కట్టినదనిన అతిశయోక్తి కాదు. నదులపై ఆనకట్టలు పెరిగినకొలది డెల్టాకు చేరు ఒండ్రు తగ్గినది. సమీపమున ఉప్పాడ తీరము కోతకు గురియగుచున్నది. ఇసుక లారీలను దినదినము చూచు మన సభ్యులు ఈ సంగతి ఆలోచింతురు గాక. ఆ దీవి ఇసుకలో సముద్రపు తాబేళ్లు గ్రుడ్లు పెట్టును గనుక అటవీశాఖ అనుమతి లేక అచ్చట కాలు మోపరాదు. అనుమతి దొరకనిచో కోరంగి మడ అడవులను చూచి రావచ్చును. కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు. 1839 నాటి తుపానులో దెబ్బతిని మరల కోలుకొనలేదు. దివిసీమను 1977 నవంబరు 19న ముంచిన ఉప్పెన మీలో పెద్దలకు జ్ఞాపకముండును. కనుక అక్టోబరు మొదలు డిసెంబరు వరకు యాత్ర తలపెట్టవలదు. జనవరి, ఫిబ్రవరి మాసములు మేలు; పున్నమి స్నానముల రద్దీ మాత్రము తప్పించుకొనవలెను.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన మాట. బావిలో ఈత నేర్చినవాడే సముద్రములో ఎక్కువగా మోసపోవును. బావి నీరు కదలదు. సముద్రపు నీరు లోనికి లాగును. విరిగిన అల నీరంతయు కొన్నిచోట్ల ఒకే పాయగా లోపలికి తిరిగిపోవును. ఇరువైపుల అలలు విరుగుచుండగా నడుమ ప్రశాంతముగా కనుపించు చోటే ప్రమాదము. అందు చిక్కినవాడు ఒడ్డునకు ఎదురీదినచో అలసి మునుగును. తీరము వెంబడి ప్రక్కకు ఈది, పాయ దాటిన పిదప ఒడ్డునకు రావలెను. రక్షింపబోవువాడు చేయందింపక త్రాడో, గాలి నింపిన రబ్బరు ట్యూబో విసరవలెను. మోకాలి లోతు దాటరాదనియు, పదిమంది పిల్లలకు ఇద్దరు పెద్దలు నీటి అంచుననే నిలువవలెననియు గ్రామసభలోనే కట్టడి చేయుడు. మద్యము సేవించినవానిని నీటిలోనికి పోనీయరాదు. అతడు సర్పంచి బావమరిది యైనను సరే!

ఖర్చు విషయమున నా అభిప్రాయము స్పష్టము. దీపములకు, మురుగుకాలువలకు వచ్చిన నిధిని దీనికి తాకరాదు. నెలనెలా చందా వసూలు చేసి, స్వయంసహాయక సంఘముల అక్కచెల్లెండ్ర చేత లెక్క వ్రాయించి, పంచాయతీ గోడమీద అంటింపుడు. చందా ఇచ్చుకొనలేని వృద్ధులు ఇద్దరు ముగ్గురైనను ప్రతి జట్టులో నుండునట్లు చూడుడు.

యాత్రకు ముందు ఒక దినము లక్నవరము పోయి రండు. 2019లో ములుగు జిల్లా వేరుపడు వరకు అది భూపాలపల్లి జిల్లాలోనిదే. కాకతీయులు కట్టిన ఆ చెరువులో చిన్న చిన్న దీవులును, వాటికి వ్రేలాడు వంతెనయు గలవు. పడవ ఎక్కునప్పుడు రక్షణ కవచము తొడుగుకొనుట, పిలిచిన వెంటనే జట్టు చేరుట అచ్చట అలవాటు చేయుడు. ఆ ఒక్క దినముననే, ఎవరు చెప్పిన మాట విందురో, ఎవరిని కనిపెట్టి యుండవలెనో మీకు తెలిసిపోవును. దానినిబట్టి జట్టుల పేర్లు వ్రాసికొనుడు.