రెండో షరతు

మొన్న మా అమ్మాయి బడి ప్రాజెక్టుకు ఏటీఎం ప్రోగ్రాం రాసింది. లూప్‌కు ఒకే షరతు: పిన్ తప్పయితే మళ్లీ అడగాలి.

"కార్డు దొంగ చేతికి చిక్కితే?" అన్నాను. నాలుగంకెల పిన్‌కు 0000 నుంచి 9999 దాకా 10,000 అవకాశాలే. ఓపికుంటే దొరికిపోతుంది.

"చేసిన ప్రయత్నాలు 3 కంటే తక్కువైతే" అని రెండో షరతు చేర్చింది. కానీ రెండింటి మధ్య 'అండ్' బదులు 'ఆర్' పెట్టింది. ఒప్పు పిన్ కొట్టినా మళ్లీ అడిగింది. మూడుసార్లు తప్పు కొట్టినా ఆగలేదు. 'అండ్' పెట్టాక రెండూ సరిపోయాయి.

కిందటేడు పింఛను రోజున మా అమ్మ కార్డు మూడు తప్పులకు ఆగిపోతే నేనే ఆమెను విసుక్కున్నాను. బ్యాంకువాణ్నై ఉండీ! ఆమె డబ్బుకు కాపలా ఆ రెండో షరతే. మీ ఇంట్లో పెద్దల్ని మీరు విసుక్కోకండి. సెలవు.