అడుగున నున్న పేరు

(విజయవాడలోని యొక పఠనమందిరమున గావింపబడిన యుపన్యాసము)



మీ చేతిలోనున్న పత్రికను, అది యే పత్రిక యైనను సరే, ఒక్కసారి వెనుకకు త్రిప్పి కడపటి పుట యడుగుభాగమును చూడవలెనని మా మనవి. అచ్చట మిక్కిలి సన్నని యక్షరములలో నొక పంక్తి కలదు. ఎవరు ముద్రించిరి, ఎవరు ప్రచురించిరి, ఏ యచ్చుకూటమున, సంపాదకు డెవరు అనునవి యందుండును. వార్తలు చదువువారు దానిని చదువరు. సినిమా ప్రకటనలు చదువువారును చదువరు. న్యాయవాదులమైన మేము మాత్రము తొలుత దానినే చదువుదుము. అది మా వృత్తి తెచ్చిపెట్టిన దురభ్యాసము.

ఆ పంక్తి తనంత తాను పుట్టినది కాదు. ముద్రించిన ప్రతి కాగితముపై ముద్రాపకుని పేరును, ముద్రణస్థలమును స్పష్టముగ నుండవలెనని 1867వ సంవత్సరపు చట్టము శాసించెను. పత్రిక పెట్టదలచినవాడు మేజిస్ట్రేటు నెదుట నిలిచి, దీనికి ముద్రాపకుడను, ప్రకాశకుడను నేనే యని వాఙ్మూలము వ్రాసి యీయవలెను. ఆ వాఙ్మూలపు నకలును తరువాత న్యాయస్థానమున దాఖలు చేసిన చాలును; ఎదుటివాడు కాదని రుజువు చేసికొనువరకు అదియే సాక్ష్యము. 1922లో సంపాదకుని పేరును గూడ జేర్చిరి. అనగా తన్ను పట్టుకొనవలసిన జుట్టు ఎక్కడ నున్నదో పత్రికవానిచేతనే ప్రభుత్వము ముందుగ వ్రాయించుకొన్నది.

ఇప్పుడీ పంక్తి మాకేల జ్ఞప్తికి వచ్చినది? గత మాసమున మన మందిరములోని బల్లపైనుండి యొక పత్రికను తొలగింపవలెనని పదునొకండుగురు సభ్యులు సంతకములు చేసి కార్యవర్గమునకు విజ్ఞాపన మిచ్చిరి. ఆ పత్రిక పేరు చెప్పము. దాని రాజకీయములు మాకును రుచింపవు. దాని భాష అంతకన్న రుచింపదు. ఆ పదునొకండు సంతకములలో మాదియు నొకటి. ఆ సంతకము నేల వెనుకకు తీసికొనుచున్నామో చెప్పుటకే నేడు మీ యెదుట నిలిచితిమి.

ఈ నగరమునకు సంబంధించిన కథతోనే మొదలిడుదము. 1907 ఏప్రిలులో బిపిన్ చంద్రపాలుగారు ఆంధ్రదేశమున సంచరించి, విశాఖపట్టణము మొదలు బందరు వరకు ఉపన్యసించిరి. నాడు రాజమహేంద్రవరము ట్రెయినింగు కళాశాలలో గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు విద్యార్థి. వందేమాతరమన్న మాట యధికారుల చెవికి ములుకైయున్న దినములవి. విద్యార్థులకు ముందు నిలిచిన పాపమునకు ఆయనను కళాశాలనుండి వెడలగొట్టిరి. కొలువునకు దారి మూసికొనగా ఆయన బెజవాడకు వచ్చి, బోడి నారాయణరావుగారితో గూడి 1908లో ‘స్వరాజ్య’ యను వారపత్రికను నడుప నారంభించిరి. అప్పటికి ఆయనకు ఇరువదినాలుగేండ్లు.

ఆ సంవత్సరము మార్చిలోనే తిరునల్వేలిలో చిదంబరం పిళ్ళగారిని నిర్బంధింపగా అల్లరులు చెలరేగినవి, తుపాకులు ప్రేలినవి, ప్రాణములు పోయినవి. దానినిగూర్చి ‘స్వరాజ్య’లో వెలువడిన వ్యాసము విదేశప్రభుత్వమును క్రూరవ్యాఘ్రముతో పోల్చినది. రాజద్రోహ నేరముపై విచారణ జరిగినది. వ్యాసము మాది కాదని గాని, పత్రిక మాది కాదని గాని చెప్పుట కెడమేది? పేరు అడుగున నున్నదిగదా. క్రింది న్యాయస్థానము విధించిన శిక్ష చాలదని ప్రభుత్వము హైకోర్టునకు పోగా, హరిసర్వోత్తమరావుగారి శిక్ష మూడేండ్లకు పెరిగినది. మన యాలంకారికులు ఉపమకు గుణదోషములు చెప్పిరిగాని శిక్ష చెప్పలేదు. ఆ లోపమును హైకోర్టు పూరించినది. ఆయన వెల్లూరు చెరసాలకు పోయిరి, ‘స్వరాజ్య’ ఆగిపోయినది.

ఒక మనిషిని చెరలో నుంచుట సులభమే గాని, దానివలన వానికి కీర్తి వచ్చును. దొరలు తెలివైనవారు, ఈ చిక్కును త్వరలోనే గ్రహించిరి. 1910వ సంవత్సరపు ముద్రణశాసనము మనుష్యుని విడిచి ధనమును పట్టుకొన్నది. క్రొత్తగా అచ్చుకూటము పెట్టువాడు అయిదువందలు మొదలు రెండువేల రూపాయల వరకు ధరావతు కట్టవలెను. అచ్చయిన మాట ప్రభుత్వమునకు నచ్చనిచో ధరావతు పోవును. మరల తెరువవలెనన్న వేయి మొదలు పదివేల వరకు కట్టవలెను. అదియు పోయినచో యంత్రములే పోవును. దీనిలోని కీలకము చూడుడు. పెండ్లి శుభలేఖలును, దుకాణపు చిట్టాలును అచ్చువేసి కడుపు నింపుకొను అచ్చుకూటపు యజమానుడు తన టైపులను కాపాడుకొనుటకై ప్రతి వ్యాసమును ముందుగ చదువ నారంభించును. ఇది వలదు, ఆ మాట తీయుడు అని సంపాదకుని బ్రతిమాలును. ప్రభుత్వమునకు జీతము లేని సెన్సారు లభించెను. 1922లో ఆ శాసనము రద్దయినను, 1930లో ఆర్డినెన్సు రూపమున, 1931లో చట్టరూపమున ఆ యుపాయము మరల వచ్చినది. మంచి యుపాయములను ప్రభుత్వములు మరచిపోవు.

ఇట్టి యురుల నడుమ మన పత్రికలు బ్రదికినవి. 1902 ఫిబ్రవరిలో కొండా వెంకటప్పయ్యగారును, దాసు నారాయణరావుగారును బందరులో నెలకొల్పిన ‘కృష్ణాపత్రిక’ను ముట్నూరి కృష్ణారావుగారు 1907 మొదలు 1945లో దేహము చాలించువరకు నడపిరి. రాజకీయమును వేదాంతముతోను, శిల్పముతోను కలిపి చెప్పిన ఆ రచన ముప్పదియెనిమిదేండ్లు నిలుచుటలో ధైర్యమెంతయో నేర్పును నంతయే కలదని మా యభిప్రాయము. 1908లో బొంబాయిలో వారపత్రికగ పుట్టి, 1914లో మదరాసున దినపత్రిక యైన ‘ఆంధ్రపత్రిక’ను కాశీనాథుని నాగేశ్వరరావుగారు అమృతాంజనపు రాబడితో పోషించిరి. ప్రభుత్వమునకు తలనొప్పి కలిగించు పత్రికను తలనొప్పి మందు పోషించుట లోకమున మఱియొకచోట జరిగినదో లేదో మేమెఱుగము.

ఈ తోవ లన్నిటిలోను పత్రిక తన చిరునామాతో, తన పేరుతో వెలువడినది. పేరు వ్రాయుటకే వీలులేని దేశము రష్యా. జారు చక్రవర్తుల కాలమున అచ్చటి స్వతంత్రవాణి మొదట స్వదేశమున పుట్టనేలేదు. అలెగ్జాండరు హెర్జెను 1853లో లండను నగరమున రష్యను అచ్చుకూటము పెట్టి, 1857 మొదలు ‘కోలొకొల్’, అనగా ‘ఘంట’, అను పత్రికను పది సంవత్సరములు వెలువరించెను. పయనికుల పెట్టెలలో దాగి అది స్వదేశము చేరెడిది. 1900లో ‘ఇస్క్రా’, అనగా ‘నిప్పురవ్వ’, జర్మనీలో నచ్చయి ఆ విధముననే సరిహద్దులు దాటినది. దానిని నడపినవారిలో ముఖ్యుడైన ఉల్యానోవు లోకమునకు తెలిసిన లెనిను పేరే మారుపేరు. 1912లో పీటర్సుబర్గున చట్టబద్ధముగ పుట్టిన ‘ప్రావ్దా’ను ప్రభుత్వము మూసినపు డెల్ల అది పేరు కొంచెము మార్చుకొని మరల లేచెడిది. 1914 జూలైలో యుద్ధమునకు ముందు పూర్తిగ మూతపడులోగా ఎనిమిది పర్యాయములు అట్లు జరిగినది. సంపాదకుడని పేరు వేయించుకొని, వ్రాతతో సంబంధము లేకయే చెరకు పోవుటకు సిద్ధపడిన కార్మికులు దానికి కలరు. మన హరిసర్వోత్తమరావుగారి పేరు నిజమైన పేరు. వారి పేరు కవచము. ఏది ఘనమని మమ్మడుగవలదు. పులి యెదుట నిలిచినవానిని, పులి కన్ను గప్పినవానిని తూచు త్రాసు మాయొద్ద లేదు. మనవారును 1930, 1932, 1942 సంవత్సరములలో సైక్లోస్టైలు పత్రములను రాత్రులలో పంచిన వారే.

ఇంతవరకు కథ మన కానందదాయకమే. ఇక మీద చెప్పునది అట్టిది కాదు.

1917 అక్టోబరు విప్లవము జయించిన రెండవ దినముననే క్రొత్త ప్రభుత్వము పత్రికలపై శాసనము వెలువరించినది. ఎదిరి పత్రికలను మూయుట కది యధికార మిచ్చినది. ఎనిమిదిసార్లు పేరు మార్చుకొనిన ‘ప్రావ్దా’ మనుష్యులే దానిని వ్రాసిరి. ఇది తాత్కాలికము, పరిస్థితులు కుదుటబడగనే రద్దగునని అందు వ్రాసిరి. 1918 జూలైలో గోర్కీ పత్రిక ‘నోవయా జీజ్న్’ మూతపడినది. విప్లవమునకు శత్రువని గోర్కీని ఎవరనగలరు? ఆ తాత్కాలికము 1990 వరకు సాగినది.

ఇది పరుల దోషమని మనము నవ్వుకొనుటకు వీలులేదు. 1942 మొదలు బెజవాడనుండి వెలువడిన కమ్యూనిస్టుల ‘ప్రజాశక్తి’ని 1948లో మదరాసు ప్రభుత్వము నిషేధించినది. ఆ ప్రభుత్వమున కూర్చుండినవారు తెల్లదొరలు కారు. కాంగ్రెసు సేవలో చెరసాలలు చూచిన పెద్దలు. సాయుధ పోరాటము సాగుచున్న దినములని వారు చెప్పిరి. ఆ మాట అసత్యమును కాదు. ఆ యేడు ఆగస్టులోనే కృష్ణ కావల హైదరాబాదున, నిజాము రాజ్యము హిందూదేశమున చేరవలెనని తన ‘ఇమ్రోజ్’ పత్రికలో వ్రాసిన షోయబుల్లాఖానుగారిని నడిరేయి హత్య చేసిరి. ఒక యొడ్డున కత్తి, ఒక యొడ్డున ఉత్తరువు. రెండును ఒకటే యని మేమనము. కాని రెండవది మన చేతినుండి వచ్చినది గనుక దానినిగూర్చియే మనము హెచ్చుగ తలపోయవలసియున్నది.

1950లో బొంబాయినుండి వచ్చు ‘క్రాస్‌రోడ్సు’ అను వారపత్రిక తన రాష్ట్రమున ప్రవేశింపరాదని ఆ మదరాసు ప్రభుత్వమే ఉత్తరువు చేసినది. బెజవాడ అప్పుడా రాష్ట్రములోనిదే. కావున ఆ కట్టడి మన పఠనమందిరముల బల్లలకును తగిలినది. రమేశ్ థాపరుగారు సుప్రీంకోర్టున దానిని ప్రశ్నింపగా, 1950 మేలో న్యాయస్థానము ఉత్తరువు చెల్లదని చెప్పినది. పంచిపెట్టుటకు స్వేచ్ఛ లేనిచో ప్రకటించుటకు స్వేచ్ఛ యున్నను ఫలము లేదన్నది అందలి సారాంశము. మరుసటి సంవత్సరమే మొదటి రాజ్యాంగసవరణముతో ఆ తీర్పు బలమును తగ్గించిరి. ఇక హరిసర్వోత్తమరావుగారిని చెరకంపిన 124-ఏ సెక్షను? అది స్వతంత్రభారతమున డెబ్బదియేండ్లకు పైగ నిలిచినది. 2022 మేలో సుప్రీంకోర్టు దాని యమలును ఆపినది. 2024 జూలై 1న అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో రాజద్రోహమన్న పేరు లేదు. కాని 152వ సెక్షనును చదివిన న్యాయవాదికి పాత బంధువును క్రొత్త వేషమున చూచినట్లుండును. 1867 చట్టమునకు బదులు 2023 చట్టము వచ్చి, మేజిస్ట్రేటు నెదుటి వాఙ్మూలము పోయినది. అడుగున పేరు మాత్రము నిలిచియేయున్నది.

మరల రష్యాకు పోయి యొక్క సంగతి చెప్పి ముగింతుము. 1968 ఏప్రిలులో మాస్కోలో టైపుమిషనుపై కార్బను కాగితములు పెట్టి కొందరొక పత్రికను మొదలిడిరి. దాని పేరు ‘ప్రచలిత ఘటనల వృత్తాంతము’. తొలి సంపాదకురాలు నటాలియా గోర్బనేవ్‌స్కయా యను కవయిత్రి. మరుసటి యేడు ఆమెను నిర్బంధించిరి. అందు తిట్టు లేదు, ఉపన్యాసము లేదు. ఎవరి నెప్పుడు పట్టుకొనిరి, ఎవరి యిల్లు సోదా చేసిరి, న్యాయస్థానమున నేమి జరిగెను, ఇంతియే. తప్పు దొర్లినచో తరువాతి సంచికలో దిద్దుకొనెడిది. తమకు నచ్చని భావములవారి కష్టములను గూడ దాచక వ్రాసెడిది. అడుగున పేరు లేదు, చిరునామా లేదు. వార్త పంపుట యెట్లు? ఈ ప్రతి నీ కెవరి చేతినుండి వచ్చెనో వారికే నీ వార్త నిమ్ము, వారు తమకిచ్చినవారి కిత్తురు, అట్లే మూలమునకు చేరునని అందు చెప్పియుండిరి. చదువరియే అచ్చుకూటము, చదువరియే తపాలా, చదువరియే విలేఖరి. సుమారు పదునైదేండ్లు అది యట్లు నడచినది. తరువాత వచ్చిన స్వేచ్ఛలో 1993న పుట్టిన ‘నోవయా గజేటా’ తన వారిని పలువురను హత్యలకు బలియిచ్చి, 2022 మార్చిలో యుద్ధకాలపు టొత్తిడికి తన ముద్రణను నిలుపుకొనవలసివచ్చినది.

చదువరి యనగా హరిసర్వోత్తమరావుగారు మరల జ్ఞప్తికి వచ్చుచున్నారు. 1914 ఏప్రిలులో అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో ఈ బెజవాడలోనే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టినది. చెరనుండి వచ్చిన గాడిచర్లవారు దీర్ఘకాలము దానికి అధ్యక్షులై, పల్లెలలో పఠనాలయములు పెట్టించుటకును, వయోజనులకు చదువు చెప్పించుటకును తిరిగిరి. ఒకడు చదువగా పదుగురు వినుట ఆ పఠనాలయముల యలవాటు. మన మందిరము ఆ వంశములోనిదే.

అట్టి మందిరమున, పదునొకండుగురు పేరు పెట్టి, ఒక పత్రికను బల్లపైనుండి తీయుడని యడిగితిమి. ధరావతు లేదు, పోలీసు లేడు, మేజిస్ట్రేటు లేడు. ఎవరును బలవంతపెట్టలేదు. అందువలననే మాకు సిగ్గు వేసినది. తక్కిన పదుగురు మా మిత్రులు. వారి దేశభక్తిని శంకించు హక్కు మాకు లేదు. ఆ పత్రికలో అసత్యము వచ్చినచో ఖండించుడు, జాబు వ్రాయుడు, ఈ వేదికపైననే నిలిచి తిట్టుడు. మేమును మీతో చేరుదుము, ఏలయన మాయొద్దను ఆ పత్రికపై మాటలు కొన్ని నిలువయున్నవి.

విజ్ఞాపనములో మా పేరును కొట్టివేయుడని కార్యదర్శిగారికి నేటి యుదయమే వ్రాసి యిచ్చితిమి. వచ్చు ఆదివారము కార్యవర్గము కూడును. ఆ పత్రిక చందా ఈ మాసాంతముతో ముగియుచున్నది. నిధులు చాలవందురేని ఆ సొమ్ము మేము తెచ్చి యిత్తుము. అయితే రసీదు మా పేర వద్దు, మందిరము పేరనే వ్రాయింపవలెను.